ఇంగ్లీషు ప్రొఫెసరు గారి కాగితాలు: అటక నుంచి ఆర్కైవ్ దాకా

ఇంగ్లీషు ప్రొఫెసరు ఒకరు కాలం చేస్తే ఆయన పుస్తకాల గురించి చాలామంది అడుగుతారు. కాలేజీ లైబ్రరీ అడుగుతుంది, శిష్యులు అడుగుతారు, మూర్ మార్కెట్ వైపు నుంచి పాత పుస్తకాల వ్యాపారి కూడా వాకబు చేస్తాడు. కాగితాలను అడిగేది మాత్రం పాత పేపర్లు కొనేవాడొక్కడే, అదీ కిలోల లెక్కన.

నిజానికి అడగాల్సింది కాగితాలనే. ఆయన బీరువాలో ఉన్న ఇంగ్లీషు కవి కీట్స్ సంపుటం కన్నెమరా లైబ్రరీలో దొరుకుతుంది, అమెజాన్‌లోనూ దొరుకుతుంది. ఆ సంపుటం అంచున పాఠం కోసం ఆయన పెన్సిలుతో రాసుకున్న నాలుగు ముక్కలు ఇంకెక్కడా దొరకవు.

చెన్నై తెలుగు ఇళ్లలో ఇలాంటి కాగితాలు సర్దే పని ఇప్పుడు తరచుగా ఎదురవుతోంది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857 నాటిది. ప్రెసిడెన్సీ, క్రిస్టియన్, పచ్చయప్ప కాలేజీలు అంతకన్నా పాతవి. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపుల నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే పాఠాలు చెబుతూ స్థిరపడిపోయిన తరం ఒకటుంది. ఆ తరం వెళ్లిపోతోంది. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. మాంబళంలో ఫ్లాటు ఖాళీ చేయాలి, సెలవు వారం రోజులే. మా పెదనాన్నగారి కాగితాలు సర్దినప్పుడు, తర్వాత తెలిసినవాళ్ల ఇళ్లలో సాయం చేసినప్పుడు పనికొచ్చిన పద్ధతిని ఇక్కడ వరసగా చెబుతున్నాను.

మొదటి అడుగు: ముట్టుకోకముందే ఫోటోలు తీయండి

ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చినవాళ్లు మొదట చేసే పని దులపడం. అది తర్వాత చేయాలి. ఫోను తీసుకుని బల్ల, సొరుగులు, బీరువా అరలు, అటక, మంచం కింద ట్రంకు పెట్టె, అన్నిటికీ ఉన్నవి ఉన్నట్టుగా ఫోటోలు తీయండి. ప్రతి సొరుగుకూ ఒక నంబరు ఇచ్చి, గది పటం ఒక కాగితం మీద గీసుకోండి.

ఎందుకంటే ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా సమాచారమే. ఒక సెమినార్ వ్యాసం చిత్తుప్రతి మధ్యలో ఆస్పత్రి బిల్లు ఉంటే, ఆ వ్యాసం ఎందుకు సగంలో ఆగిపోయిందో మీకు అర్థమవుతుంది. బిల్లు తీసి బిల్లుల్లో, వ్యాసం తీసి వ్యాసాల్లో పెడితే ఆ సంగతి ఇక ఎవరికీ తెలియదు. ఆర్కైవ్ పని చేసేవాళ్లు దీన్ని మూల క్రమం అంటారు. మనిషి తన కాగితాలను ఎలా పెట్టుకున్నాడో అలాగే ఉంచడం వాళ్లకు మొదటి నియమం. మన కంటికి చిందరవందరగా కనిపించేది చాలాసార్లు ఆయన సర్దుకున్న తీరే.

ఇదే సమయంలో ఇంట్లో అందరితో ఒక మాట అనుకోండి: కనీసం ఏడాది దాకా ఒక్క కాగితం కూడా పారేయకూడదు, బయటివాళ్లకు ఇవ్వకూడదు. పని మనిషికీ వాచ్‌మన్‌కూ కూడా చెప్పండి.

రెండో అడుగు: బతికున్నవాళ్లకు కావలసినవి పక్కన పెట్టండి

పెన్షన్ పేమెంట్ ఆర్డరు, బ్యాంకు పాసుపుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు, ఫ్లాటు దస్తావేజులు, వీలునామా. వీటిని వేరే ఫైల్లో పెట్టి, ఎక్కడి నుంచి తీశారో ఆ చోట ఒక చీటీ ఉంచండి. ఫ్యామిలీ పెన్షన్ పని తేలే వరకు ఇంట్లో ఎవరికీ మిగతా కాగితాల మీద మనసు నిలవదు. సర్వీసు రిజిస్టరు నకలు దొరికితే మాత్రం ఒక జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. అందులో చేరిన తేదీ, బదిలీలు, ఇంక్రిమెంట్లు, సెలవులు అన్నీ ఉంటాయి. తర్వాత జీవితరేఖ రాసేటప్పుడు దానికి మించిన ఆధారం లేదు.

మూడో అడుగు: ప్రథమ చికిత్స

చెన్నైలో కాగితానికి మొదటి శత్రువు గాలిలో తేమ. గ్రంథాలయాలు కాగితాన్ని దాదాపు 20 డిగ్రీల చల్లదనంలో, 50 శాతం తేమలో ఉంచాలని చూస్తాయి. సముద్రం పక్క ఊళ్లో అది ఇంట్లో కుదిరే పని కాదు. కుదిరేవి కొన్ని ఉన్నాయి. పెట్టెలు నేల మీద వద్దు, కనీసం అడుగు ఎత్తున ఉండాలి. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చూసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పై అంతస్తు అటక కూడా మంచిది కాదు, ఎండాకాలం అక్కడి వేడికి కాగితం పెళుసెక్కుతుంది. బయటి గోడకు ఆనించి బీరువా పెట్టకండి. లోపలి గది, గాలి ఆడే చోటు, నేలకు పైన: అంతే.

ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తటి బ్రష్షుతో ధూళి దులపండి. తడిగుడ్డ వాడకండి. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు మెల్లగా తీసేయండి. లాగితే కాగితం చిరుగుతుంది, కాబట్టి పిన్ను కాళ్లు వెనక నుంచి విప్పి తీయాలి. రబ్బరు బ్యాండ్లు కరిగి అతుక్కుపోయి ఉంటాయి, వాటినీ తొలగించండి. ఆ కట్ట విడిపోకుండా ఒక తెల్ల కాగితం మడతలో పెట్టండి. చిరుగులకు ఎవరో అంటించిన సెల్లోటేపును మాత్రం పీకకండి, అక్షరాలు కూడా దానితో వచ్చేస్తాయి. కొత్త చిరుగులకు సెల్లోటేపు అసలే వేయకండి.

తడిసిన కాగితాలకు గడువు రెండు రోజులే, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. ఎండలో కాదు, నీడలో ఫ్యాను కింద విడివిడిగా ఆరబెట్టాలి. కట్టలు మరీ ఎక్కువుంటే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పాకడం ఆగుతుంది, తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలను చేత్తో విడదీయకండి.

కలరా ఉండలు మన ఇళ్లలో అన్నిటికీ మందు. కాగితాల పెట్టెలో అవి వద్దు. ఆ వాసనలో కూర్చుని గంటలకొద్దీ పని చేయడం మన ఊపిరితిత్తులకే మంచిది కాదు. ఎండు వేపాకు, వస కొమ్ము పొట్లాం కట్టి పెట్టె మూలన ఉంచడం తాళపత్రాల కాలం నుంచి ఉన్న అలవాటు. నేరుగా కాగితానికి తగలకపోతే ఇబ్బంది లేదు. చెదలు కనిపిస్తే మాత్రం ఆ చిట్కాలతో కాలక్షేపం చేయకుండా మనిషిని పిలిపించి గోడకు మందు కొట్టించండి, కాగితాలకు కాదు.

నాలుగో అడుగు: కట్టలు కట్టడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు దగ్గర సాధారణంగా ఏమేం ఉంటాయో చెబుతాను, మీకు ఎదురయ్యే వాటిని గుర్తుపట్టడం సులువవుతుంది.

పాఠాల నోట్సు. ‘ముప్పై ఏళ్లు అవే పసుపు కాగితాలు’ అని విద్యార్థులు వేళాకోళం చేసేది వీటినే. దగ్గరగా చూడండి. ఒకే పేజీ మీద నీలం సిరా, తర్వాత నల్ల సిరా, ఆ పైన ఎర్ర బాల్‌పెన్ను కనిపిస్తాయి. మొదటిసారి చెప్పిన పాఠం ఒకటి, పదేళ్ల తర్వాత కొట్టేసి రాసింది ఇంకొకటి. మా పెదనాన్నగారి ప్రతిలో కీట్స్ శరదృతువు మీద రాసిన పద్యం పక్కన ‘కళ్లం, తూర్పారబట్టడం’ అని తెలుగులో ఉంది. ఆ పద్యంలో ధాన్యపు కొట్టు, తూర్పారబట్టే గాలి ఉన్నాయి. మద్రాసు క్లాసులో కూర్చున్న పిల్లలకు ఇంగ్లాండు శరత్తు తెలియదు, కళ్లం తెలిసినవాళ్లు సగం మంది ఉంటారు. ఆయన పాఠం ఎక్కడ మొదలయ్యేదో ఆ రెండు మాటల్లో తెలిసిపోతుంది. ఇలా అంచుల్లో రాతలున్న పుస్తకాలను మిగతా పుస్తకాలతో కలిపి ఇచ్చేయకండి. అవి కాగితాల కిందే లెక్క.

ఇండెక్స్ కార్డులు. చదివినవాటిలోంచి ఒక్కో అంశం రాసుకునే చిన్న అట్టముక్కలు. కంప్యూటర్లకు ముందు తరం పరిశోధనంతా వీటి మీదే. చెప్పుల డబ్బాలో వరసగా ఉంటాయి. హైదరాబాదులో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్‌కు వెళ్లి వారాల తరబడి చదువుకుని వచ్చినవాళ్ల దగ్గర ఇవి కట్టలు కట్టలుగా దొరుకుతాయి. వరస చెడగొట్టకుండా డబ్బాతో సహా ఉంచండి.

చిత్తుప్రతులు, టైపు చేసిన వ్యాసాలు, కార్బన్ కాపీలు. ఒకే వ్యాసం నాలుగు ప్రతులుంటే నాలుగూ ఉంచండి, దిద్దుబాట్లు తేడాగా ఉంటాయి. దిద్దుబాట్లు లేని అచ్చు ప్రతులు పది ఉంటే రెండు చాలు. సైక్లోస్టైల్ చేసిన ప్రశ్నపత్రాలు, సిలబస్ కమిటీ కాగితాలు చూడటానికి నిస్సారంగా ఉంటాయి. కానీ ఒక కాలేజీలో ఏ ఏడాది ఏ పుస్తకం పాఠ్యమైందో, దాన్ని పెట్టించడానికి ఎవరు పట్టుబట్టారో అక్కడే తెలుస్తుంది.

ఫ్యాక్స్ కాగితాలు, పాత ఏటీఎం రసీదుల వంటి థర్మల్ కాగితం మీదున్నవి వెంటనే జిరాక్స్ తీయించండి. ఆ అక్షరాలు వాటంతటవే మాసిపోతాయి.

ఉత్తరాలు. అసలు ఖజానా ఇదే. ఇన్‌లాండ్ లెటర్లు, పోస్టుకార్డులు, విదేశాల నుంచి వచ్చిన ఎయిరోగ్రాములు. కవరుతో పాటే ఉంచండి, కవరు మీద తపాలా ముద్ర ఉంటుంది. ఆయన రాసిన ఉత్తరాలు ఆయన దగ్గర ఉండవు కాబట్టి వాటి కోసం బంధువులను, శిష్యులను అడగాలి.

ఈ దశలో చాలా ఇళ్లలో ఒక తప్పుడు విభజన జరుగుతుంది. ఇంగ్లీషులో ఉన్నవన్నీ ‘పని కాగితాలు’, తెలుగులో ఉన్నవన్నీ ‘ఇంటి కాగితాలు’ అయిపోతాయి. మొదటివి కాలేజీకి వెళ్తాయి, రెండోవి కొన్నాళ్లకు పొయ్యిలోకి వెళ్తాయి. మా పెద్దమ్మ కూడా అదే అంది: “ఇంగ్లీషు ఫైళ్లు కాలేజీకిచ్చేయ్ నాయనా, ఈ కార్డులు మనింటివి, వీటినెవరు చదువుతారు?”

నేను అడిగినందుకు, తాతగారి దగ్గర నుంచి పెదనాన్నగారికి వచ్చిన ఒక కార్డు ఆమే చదివి పెట్టింది. “చిరంజీవికి ఆశీస్సులు” అని మొదలై, ధాన్యం ధర పడిపోయిందనీ, చెల్లెలి పెళ్లి మాఘంలో కుదిరిందనీ, ఈ ఏడు నువ్వు అంత దూరం వెళ్లడం మాకు ఇష్టం లేదనీ ఉంది. అదే ఏడాది నాటి ఇంగ్లీషు ఫైల్లో, విదేశీ ఫెలోషిప్ వద్దంటూ పెదనాన్నగారు రాసిన రెండు వాక్యాల మర్యాదైన జవాబు కార్బన్ కాపీ ఉంది. కారణంగా రాసింది ‘పర్సనల్’ అన్న ఒక్క మాట. కార్డు పోయి ఉంటే ఆ ఫైలు చదివే పరిశోధకుడికి ఏమీ తెలిసేది కాదు. “ఇది మీ తాత చేతిరాత కాదు, ఆయన చెబితే కరణం రాశాడు” అని కూడా పెద్దమ్మ చెప్పింది. ఆమె చెప్పకపోతే దాన్నీ తాతగారి ఉత్తరాల్లోనే వేసేవాళ్లం. అందుకే కట్టలు కట్టేటప్పుడు ఆ చేతిరాతలు తెలిసిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, భాషను బట్టి మాత్రం విడదీయకండి. ఆయన ఇంగ్లీషు జీవితంలో జరిగినవాటికి కారణాలు తెలుగు కార్డుల్లో ఉంటాయి.

డైరీలు, జమాఖర్చు పుస్తకాలు కూడా ఇలాగే. పాల లెక్క, ట్యూషన్ ఫీజు, హిగ్గిన్‌బాథమ్స్‌లో కొన్న పుస్తకం ధర ఒకే పేజీలో ఉంటాయి. జీతంలో ఎంత పుస్తకాలకు పోయిందో కూడి చూస్తే ఇంట్లో గొడవలు ఎందుకయ్యేవో కూడా తెలుస్తుంది!

ప్రతి కట్టకూ మెత్తటి పెన్సిలుతో నంబరు వేయండి. పెన్ను, స్కెచ్ పెన్ను, స్టిక్కరు వద్దు. న్యూస్‌పేపరులో చుట్టకండి, దాని ఆమ్లం లోపలి కాగితాన్ని పసుపు చేస్తుంది. ఆమ్లం లేని ఫోల్డర్లు దొరికితే మంచిదే. దొరకకపోతే మంచి ఏ4 జిరాక్స్ కాగితం మడతలు, గట్టి అట్టపెట్టెలు సరిపోతాయి. ఒక నోటుబుక్కులో గాని ఎక్సెల్‌లో గాని జాబితా రాయండి: పెట్టె నంబరు, కట్ట నంబరు, ఏమిటి, ఏ సంవత్సరాలు, ఏ సొరుగు నుంచి తీసింది. ప్రతి కాగితానికీ ఒక వరుస రాయాలనుకుంటే పని తెమలదు, కట్టకు ఒక వరుస చాలు.

ఐదో అడుగు: తేదీ లేనివాటికి తేదీ

చాలా కాగితాల మీద ‘సోమవారం’ అని మాత్రమే ఉంటుంది. అయినా కాలం పట్టుకోవచ్చు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతది. ‘నయా పైసలు’ అని ముద్రించిన తపాలా బిళ్ల 1957 ముందుది కాదు. ‘మద్రాసు రాష్ట్రం’ అని అచ్చేసిన లెటర్‌హెడ్ 1969 జనవరిలో తమిళనాడు అనే పేరు అమల్లోకి రాకముందు వేయించింది. ‘ఒంగోలు, గుంటూరు జిల్లా’ అని అచ్చై ఉంటే 1970కి ముందుదై ఉండాలి, ఎందుకంటే ఆ ఏడాదే ఒంగోలు వేరే జిల్లా అయింది. ఊరి పేరు అధికారికంగా చెన్నై అయింది 1996లో. పాత అలవాటు కొద్దీ తర్వాత కూడా మద్రాసు అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక చేతిరాతను బట్టి తీర్పు చెప్పకండి, అచ్చును బట్టే చెప్పండి. మీరు ఊహించిన తేదీని ఎప్పుడూ చదరపు బ్రాకెట్లో రాయండి, ఆయన రాసిన తేదీతో కలిసిపోకూడదు.

ఆరో అడుగు: జీవితరేఖ

కాగితాలు ఒక కొలిక్కి వచ్చాక నాలుగైదు పేజీల్లో ఏడాది వారీగా ఆయన జీవితం రాయండి. పుట్టిన ఊరు, బడి, డిగ్రీ, ఉద్యోగాలు, పెళ్లి, ఇళ్లు మారడం, వ్యాసాలు, ప్రయాణాలు. ప్రతి అంశం పక్కన ఏ కట్టలో ఆధారం ఉందో నంబరు వేయండి. కాలేజీ మ్యాగజైన్లు, విశ్వవిద్యాలయ క్యాలెండర్లు, పాస్‌పోర్టు ముద్రలు చాలా ఖాళీలు పూరిస్తాయి.

మిగిలిన ఖాళీల కోసం మనుషుల దగ్గరికి వెళ్లాలి. ఫోన్లో రికార్డు చేయండి, ముందుగా అనుమతి అడిగి. ‘సారు ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవుడండీ’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ఒక పాత గ్రూపు ఫోటోనో నోటుబుక్కో చేతిలో పెట్టి, ‘ఈ గది ఎక్కడ? ఈయన పక్కన ఎవరు? ఈ పాఠం చెప్పేటప్పుడు బోర్డు వాడేవారా?’ అని అడగండి. సంస్మరణ సంచికల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మనిషి పోయాక నెల తిరక్కుండా వేసే ఆ పుస్తకాల్లో అందరూ ఒకే మనిషిని వర్ణిస్తారు. వేయాలనుకుంటే ఈ అడుగు పూర్తయ్యాక వేయండి.

ఏడో అడుగు: ఎవరి హక్కు, ఎవరి గుట్టు

మీకు వచ్చిన పెట్టెల్లో కాగితం మీది కావచ్చు, మాటలు అన్నీ మీవి కావు. ఆయనకు ఎవరో రాసిన ఉత్తరంలో రచన హక్కు ఆ రాసినవారిది, వారి తర్వాత వారి వారసులది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నప్పుడు అచ్చయిన రచనల మీద హక్కు ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పోయాక మొదటిసారి అచ్చయితే, అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. వీలునామాలో ఒక అముద్రిత రాతప్రతిని ఎవరికైనా రాసిస్తే, వేరుగా చెప్పకపోతే దాని కాపీరైటు కూడా వాళ్లకే వెళ్తుంది. అన్నదమ్ముల మధ్య తగాదా రాకుండా ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక గుట్టు. విద్యార్థుల మార్కుల జాబితాలు, పీహెచ్‌డీ పరీక్షకుడిగా ఇచ్చిన రహస్య నివేదికలు, ఉద్యోగాల సెలక్షన్ కమిటీ నోట్సు, సిఫారసు ఉత్తరాలు. వీటిలో బతికున్నవాళ్ల పేర్లుంటాయి. చింపేయకండి, విడిగా కవర్లలో పెట్టి ‘ఫలానా ఏడాది వరకు తెరవరాదు’ అని రాయండి. ఇంట్లోవాళ్ల సొంత వ్యవహారాలున్న ఉత్తరాలకూ ఇదే పద్ధతి. మరీ మనసుకు కష్టమైనవి ఇంట్లోనే ఉంచుకోవచ్చు, అది మీ ఇష్టం.

ఎనిమిదో అడుగు: స్కానింగ్, కంప్యూటరు

స్కాన్ చేసేటప్పుడు ఉత్తరాలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫోటోలకూ మసక పెన్సిలు రాతలకూ 600. దాచే ప్రతి టిఫ్ ఫైలుగా, పంచే ప్రతి పీడీఎఫ్‌గా. ఫైలు పేరులో పెట్టె, కట్ట, పేజీ నంబర్లు ఉండాలి. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. స్కాన్ చేశాం కదా అని అసలును పారేయకండి.

పాత ఫ్లాపీలు, సీడీలు ఉంటే ముందు వాటి పని చూడండి, అవి కాగితం కన్నా తొందరగా పాడవుతాయి. తెలుగులో డీటీపీ చేయించిన ఫైళ్లు ‘అను’ అనే పేరున్నదాని వంటి పాత ఫాంట్లలో ఉంటాయి, నేరుగా తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఆ ఫాంటు పోకముందే, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించండి. ఆయన జీమెయిల్ సంగతి కూడా మరవద్దు: రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు.

తొమ్మిదో అడుగు: ఎవరికి ఇవ్వాలి

అందరికీ తట్టే పేర్లు కొన్ని ఇక్కడ సరిపోవు. కన్నెమరా, దేశంలో కొత్తగా అచ్చయ్యే పుస్తకాల ప్రతులు 1954 చట్టం కింద చేరే లైబ్రరీ. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ముఖ్యంగా ప్రభుత్వ దస్తావేజుల చోటు. తరమణిలోని రోజా ముత్తయ్య లైబ్రరీ కాగితాన్ని కాపాడటంలో పేరున్నది, కానీ దాని మనసంతా తమిళ ముద్రణ మీద. ఆయన పని చేసిన కాలేజీయే తరచుగా సరైన చోటు, అక్కడ తాళం వేసే గది, జాబితా రాసే మనిషి ఉంటేనే. తెలుగు సాహిత్యంతో గట్టి సంబంధం ఉన్నవారైతే వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటివాటిని అడగండి. జాతీయ స్థాయి వ్యక్తులైతే ఢిల్లీ తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల మ్యూజియం, లైబ్రరీలో వ్యక్తిగత పత్రాల పెద్ద విభాగం ఉంది. మంచి జాబితా ఎలా ఉంటుందో చూడాలంటే బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో 2019లో మొదలైన ఆర్కైవ్స్ వెబ్‌సైటు చూడండి. అవి ఎక్కువగా శాస్త్రరంగం కాగితాలు, అయినా పద్ధతి నేర్చుకోవచ్చు.

ఎక్కడికైనా ముందు జాబితా, జీవితరేఖ పంపండి, పెట్టెలు కాదు. వెళ్లి గది చూడండి. కింది అంతస్తా, కిటికీ పక్కనా, ఇంతకుముందు ఇచ్చినవాళ్ల పెట్టెలు తెరిచారా, కట్టిన తాళ్లతోనే ఉన్నాయా? తెలుగు కట్టలు కూడా కలిపి తీసుకుంటారా, చదవగలిగినవాళ్లు ఉన్నారా అని సూటిగా అడగండి. ఇంగ్లీషువే చాలంటే ఇంకో చోటు వెతకండి, లేదా తెలుగు కట్టల స్కాన్లన్నీ అక్కడ, ఇంగ్లీషు కట్టల స్కాన్లన్నీ మీ దగ్గర ఉండేలా ఒప్పించండి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. దానంగా ఇస్తున్నారా, భద్రపరచడానికి ఇస్తున్నారా, కాపీరైటు ఎవరికి, మూసిన కవర్లు ఏ ఏడాది తెరవాలి, అనవసరమనుకుంటే వాళ్లు పారేయకుండా ముందు మీకు తిరిగివ్వాలి, కుటుంబానికి ఎప్పుడైనా చూసే వీలుండాలి. జాబితా ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, తేదీ ఉండాలి. మీ ప్రతిని ఫ్లాటు దస్తావేజుల ఫైల్లోనే పెట్టుకోండి, వెతుక్కోవాల్సిన పని ఉండదు.